పేరు లేని బీఎస్‌ఏ పార్టులను ఇలా పట్టుకున్నాను

బర్మింగ్‌హామ్ దగ్గర పాత సామాన్ల సంతలో పేరూ ఊరూ లేని బైక్ పార్టుల పెట్టె చవగ్గా దొరికింది. ముందు కిరోసిన్‌తో జిడ్డు వదలగొట్టాను, నంబర్లు కనపడాలిగా! ఒక మూత మీద 67తో మొదలయ్యే నంబర్ తేలింది. బ్రిటిష్ బైక్ కంపెనీ బీఎస్‌ఏ మోడళ్లలో 67 అంటే ఏ7, ఏ10 ట్విన్‌లు (రెండు సిలిండర్ల బైకులు), 68 అయితే ఏ50, ఏ65, 90 అయితే బాంటమ్. పోతలో వచ్చిన నంబర్ ఒక్కోసారి పార్టుల పుస్తకంతో కలవదు, కానీ మొదటి రెండంకెలే చాలా చెబుతాయి.

నంబర్ లేని బోల్టులే టెన్షన్ పెట్టాయి. బోల్టు మరల చుట్లు, కోణం కొలిచే థ్రెడ్ గేజ్ తీశాను. 5/16 అంగుళాల బోల్టుకు అంగుళానికి 26 చుట్లుంటే సైకిల్ థ్రెడ్ (పాత బ్రిటిష్ సైకిళ్లు, బైకుల మర), 22 అయితే బీఎస్‌ఎఫ్ (బ్రిటిష్ సన్న మర), 24 అయితే యూఎన్‌ఎఫ్ (యూనిఫైడ్ సన్న మర). పావు అంగుళం బోల్టుతోనే చిక్కు: సైకిల్ థ్రెడ్‌కూ బీఎస్‌ఎఫ్‌కూ 26 చుట్లే. అక్కడ మర కోణం చూడాలి, మొదటిదానికి 60 డిగ్రీలు, రెండోదానికి 55. నావి 60 గేజ్‌లో వెలుతురు కూడా దూరనంతగా కూర్చున్నాయి.