లాక్రోస్‌లో బంతి నిలవడం లేదా: లోపం చేతిలో ఉందా, వలలో ఉందా?

బెంగళూరులో వారాంతాల్లో మాతో కలిసి సాధన చేసే తెలుగువారిలో చాలామంది క్రికెట్ నుంచో, హాకీ నుంచో లాక్రోస్‌కు వచ్చినవారే. బంతి జారినా, గురి తప్పినా వారు వెంటనే తమ చేతినే తప్పుపట్టుకుంటారు. అయితే కొసన వల ఉన్న కర్రతో (స్టిక్‌తో) బంతిని పట్టి విసిరే ఈ ఆటలో చేతికీ బంతికీ మధ్య ఆ వల ఉంటుంది. ఆ వల తీరు తెలుసుకోకుండా చేతిని ఎంత సరిదిద్దుకున్నా ప్రయోజనం ఉండదు. కనుక ఏ లోపం కనిపించినా మొదట తోటి ఆటగాడి స్టిక్‌తో మీరు పదిసార్లు, మీ స్టిక్‌తో అతను పదిసార్లు అదే బంతిని విసిరి చూడండి. లోపం స్టిక్ వెంట వెళ్లిపోతే దోషం వలది. మీ దగ్గరే ఉండిపోతే మీది.

విసిరిన బంతి పాస్ అందుకునేవారి కాళ్ల ముందు పడుతోంది

ఎక్కువ సందర్భాల్లో దీనికి కారణం పాకెట్ (వలలో బంతి కూర్చునే గుంట) లోతు. పాకెట్ లోతుగా ఉన్నా, వల పైభాగంలో అడ్డంగా అల్లిన షూటింగ్ స్ట్రింగ్స్ మరీ బిగుతుగా ఉన్నా బంతి వాటికి తగులుకొని ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికే హెడ్ (వల బిగించిన ప్లాస్టిక్ చట్రం) కిందికి వంగిపోయి ఉంటుంది కాబట్టి బంతి కూడా నేలవైపే వెళుతుంది. నిన్నటిదాకా చక్కగా పనిచేసిన స్టిక్ ఈరోజు మొరాయిస్తోందంటే, మధ్యలో వాన పడిందేమో గుర్తు చేసుకోండి. మే నెల సాయంత్రపు జల్లుల్లోనూ, సెప్టెంబరు వానల్లోనూ తడిసిన వల, ముఖ్యంగా మెత్తని మెష్ (జాలీ అల్లిక), సాగి లోతు పెరుగుతుంది.

ముందుగా హెడ్ అడుగున ఉన్న తాడును కొద్దిగా బిగించి పాకెట్‌ను పైకి తేవాలి. అది చాలకపోతే షూటింగ్ స్ట్రింగ్స్‌ను కాస్త వదులు చేయాలి. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు కనుక, ఒక్కో మార్పు తరువాత ఇరవై బంతులు విసిరి చూడడం మంచిది. పాకెట్‌లో బంతి పెట్టి స్టిక్‌ను కంటి ఎత్తున అడ్డంగా పట్టుకున్నప్పుడు, బంతి పైఅంచు హెడ్ పక్కగోడ కింది అంచుకన్నా దిగువకు జారిందంటే పురుషుల ఫీల్డ్ లాక్రోస్ నిబంధనల ప్రకారం ఆ స్టిక్ చెల్లదు. తడిసిన స్టిక్‌ను తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే ప్లాస్టిక్ హెడ్ వంకర పోయే ప్రమాదం ఉంది.

బంతి కిందికి కాక ఆకాశంలోకి లేస్తుంటే మాత్రం చేతినే అనుమానించాలి. పైచేత్తో నెట్టడం ఒక్కటే చేసి, కిందిచేతిని కదలకుండా ఉంచేవారికి ఇలా జరుగుతుంది. పైచెయ్యి ముందుకు నెడుతుండగా కిందిచెయ్యి షాఫ్ట్ (స్టిక్ కాడ) చివరను ఒంటివైపు లాగాలి. ఈ లాగుడే విసురుకు సగం బలం.

పట్టబోయిన బంతి తగిలి ఎగిరిపోతోంది

క్రికెట్‌లో క్యాచ్ పట్టేటప్పుడు చేతుల్ని వెనక్కి తీసుకునేవారు కూడా స్టిక్ చేతికి రాగానే బ్యాటు పట్టినట్లు బిగుసుకుపోతారు. బంతి వలను తాకే క్షణంలో హెడ్‌ను చెవి పక్కగా వెనక్కి రానివ్వాలి, పైచేతి పట్టు వదులుగా ఉండాలి.

దీనికి మరో కారణాన్ని చాలామంది గమనించరు. అపార్ట్‌మెంట్ గోడ మీద సాధన చేస్తే పొరుగువారు ఒప్పుకోరు కాబట్టి మనం టెన్నిస్ బంతిని వాడతాం. దాని బరువు సుమారు 57 గ్రాములు. లాక్రోస్ బంతి గట్టి రబ్బరుది, 140 గ్రాములు దాటుతుంది. తేలికపాటి బంతి వలలో కుదురుకోదు, అదే అలవాటుతో అసలు బంతిని అందుకుంటే లెక్క తప్పుతుంది. వారానికి రెండుసార్లయినా కిటికీలు లేని గట్టి గోడ వెతుక్కొని అసలు బంతితోనే సాధన చేయాలి. పాతబడి నున్నగా మెరుస్తున్న బంతి కూడా వలలో జారుతుంది, దాన్ని మార్చేయాలి.

నేల మీది బంతి అందడం లేదు

ఇది హాకీ నుంచి వచ్చిన చిక్కు. అక్కడ బంతిని ఆపి తిప్పుకుంటాం. ఇక్కడ ఆగినవాడి బంతిని ప్రత్యర్థి ఎత్తుకుపోతాడు. మోకాళ్లు వంచి, కిందిచేతిని నేలకు దగ్గరగా దించి, బంతికి ఒక అడుగు ముందునుంచే హెడ్‌ను నేలకు ఆనించి, పరుగు ఆపకుండా ఎత్తుకుపోవాలి. షాఫ్ట్ నిలువుగా ఉంటే హెడ్ అంచు బంతిని ముందుకు నెట్టేస్తుంది.

ఎడమచేతి వైపు ఆడలేకపోతున్నాను

కారణం సాధన లోపమే, స్టిక్‌ది కాదు. గోడ దగ్గర కుడిచేతి వైపు యాభై పాసులు వేస్తే, ఎడమచేతి వైపు వంద వేయండి. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు ఎంపికైన సిక్సెస్ పద్ధతిలో మైదానంలో జట్టుకు ఆరుగురే ఉంటారు, 30 సెకన్లలోపు గోల్‌కు ప్రయత్నించాలి. ఆ వేగంలో స్టిక్‌ను కుడిచేతి వైపు మార్చుకునే వ్యవధి దొరకదు.