స్టోయిక్ సాధన – 5వ పాఠం: స్నానానికి బయల్దేరే ముందు

స్టోయిక్‌లంటే ఏం జరిగినా బుద్ధి చెదరకుండా బతకడం నేర్పిన ప్రాచీన గ్రీసు, రోమ్ తత్వవేత్తలు. వాళ్ల సాధన మీద పోయిన పాఠం చాలామందికి నిద్ర లేకుండా చేసింది. తప్పు నాదే. "పొద్దున్నే ఆ రోజు ఏమేం చెడిపోవచ్చో ఊహించుకోండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఒకావిడ వారం రోజులు కొడుకు బైక్ యాక్సిడెంటే ఊహించుకుని, వాడు ఆఫీసుకు చేరేలోపు నాలుగుసార్లు ఫోన్ చేసిందట. ఇంకొకాయన ఉద్యోగం పోవడంతో మొదలుపెట్టి, ఇంటి లోను మీదుగా కూతురి పెళ్లి ఆగిపోవడం దాకా వెళ్లి, అర్ధరాత్రి లేచి కూర్చున్నారు. ఇది సాధన కాదు, మామూలు టెన్షనే. దానికి పాఠం అక్కర్లేదు, మనందరికీ పుట్టుకతోనే వచ్చు.

"అసలు చెడు తలుచుకోకూడదు, తథాస్తు దేవతలుంటారు" అని మొదలే పెట్టనివాళ్లూ ఉన్నారు. ఈ మాట స్టోయిక్ గురువు ఎపిక్టెటస్‌కూ ఎదురైంది. డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలను రోమ్ నుంచి వెళ్లగొట్టాక ఆయన గ్రీసులోని నికోపొలిస్‌లో బడి పెట్టుకున్నాడు. ఆప్తుల చావు గురించి మాట్లాడితే అపశకునం కదా అంటే, అయితే కంకులు కోయడం కూడా అపశకునమే అనండి, కంకి పోతోందిగా అన్నాడు. ఆకు రాలినా, ద్రాక్ష ఎండి కిస్‌మిస్ అయినా అపశకునమే అనాలి మరి. ఆయన లెక్కలో అపశకునాలంటే పిరికితనం, నీచబుద్ధి లాంటివి.

సరే, అసలు తిరకాసు దగ్గరికి వద్దాం. మన చేతిలో ఉన్నవేవి, లేనివేవి అన్నది 1వ పాఠంలోనే అయిపోయింది, మళ్లీ చెప్పను.

ఎపిక్టెటస్ మాటలను శిష్యుడు అరియన్ కుదించి పెట్టిన చిన్న పుస్తకం ఎంకైరిడియన్. అందులో 4వ భాగం స్నానశాల గురించి. ఇంట్లో బాత్రూమ్ కాదు, ఊరందరూ కలిసి స్నానం చేసే చోటు. బయల్దేరే ముందు అక్కడ ఏం జరుగుతుందో గుర్తు చేసుకో అంటాడు: ఒకడు నీళ్లు చిమ్ముతాడు, ఒకడు తోస్తాడు, ఒకడు తిడతాడు, ఒకడు బట్టలో సామానో కొట్టేస్తాడు. మనవాళ్లందరూ ఇక్కడికి రాగానే పుస్తకం మూసేస్తారు. దీని తర్వాతే అసలు వాక్యం ఉంది: "నాకు స్నానమూ కావాలి, నా బుద్ధి చెదరకుండా ఉండడమూ కావాలి." అక్కడ జరిగినదానికల్లా చిరాకు పడితే రెండోది పోయినట్టే అని కూడా చెప్పాడు.

కావలసినవి రెండు అని ముందే చెప్పుకుని వెళ్లడం, అంతే. నీళ్లు చిమ్మేవాణ్ని ఊహించుకోవడం సగం పని కూడా కాదు. వాడు చిమ్మినప్పుడు నేనేం చేస్తాను అన్నది ఊహించుకోవాలి. బైక్ యాక్సిడెంట్ ఊహించుకున్న ఆవిడ సీన్‌లో ఆవిడే లేదు, కొడుకూ లారీ మాత్రమే ఉన్నారు. మీ ఊహలో మీరు లేకపోతే, మీ నోటి మాట, మీ చేతి పని లేకపోతే, వెంటనే ఆపేసి కాఫీ పెట్టుకోండి. స్టోయిక్ అయిన రోమ్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ మాటనూ ఇలాగే సగానికి కోసి స్టేటస్‌లుగా పెడుతుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఈరోజు కృతఘ్నులు, గర్విష్ఠులు తగులుతారని పొద్దున్నే చెప్పుకో అన్నాడు, నిజమే. కానీ ఆ పేరాలోనే, వాళ్లు నా బంధువులే, పైపళ్లూ కిందిపళ్లలా కలిసి పనిచేయడానికే పుట్టాం, కోపం తెచ్చుకోలేను అని కూడా ఉంది. ఆ భాగం ఎవరూ పెట్టరు.

నా సంగతీ చెబుతాను. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు ఉన్నాయేమో చూపే కాగితం) కోసం ఒక ఆఫీసుకు వెళ్లే ముందు చక్కగా సాధన చేశాను. సర్వర్ డౌన్ అంటారు, రేపు రమ్మంటారు, నేను "సరే, ఎన్నింటికి రమ్మంటారు?" అని మాత్రమే అడుగుతాను. అచ్చం అలాగే జరిగింది, అలాగే అడిగాను. గర్వంగా బయటికొచ్చి, చిల్లర లేదన్న జిరాక్స్ కుర్రాడి మీద పది రూపాయల కోసం అరిచాను. గుమస్తాకు రిహార్సల్ చేశాను గానీ నా నోటికి చేయలేదు.

ఇంకో జాగ్రత్త: ఊహ ఆ రోజుది దాటకూడదు. పెళ్లి దాకా వెళ్లినాయన రోమ్ స్టోయిక్ రచయిత సెనెకా 13వ ఉత్తరం చదవాలి. మనం నిజంలో కన్నా ఊహలోనే ఎక్కువ బాధపడతాం అని తన మిత్రుడు లుసీలియస్‌కు రాశాడు. నా పద్ధతి ఇంకా చిన్నది. చెప్పుల స్టాండు దగ్గర, చెప్పులు వేసుకునేంతసేపే. కూర్చుని కళ్లు మూసుకుంటే నా బుర్ర సీరియల్ మొదలుపెడుతుంది.

అన్నట్టు అభ్యాసం. సెనెకా 18వ ఉత్తరంలోది, కాస్త కష్టమే. డిసెంబరులో రోమ్ అంతా సాటర్నేలియా పండగ హడావిడిలో ఉండగా రాసిన ఉత్తరమది. మూడు నాలుగు రోజులు చవక తిండి, ముతక బట్టతో గడిపి, "నేను భయపడింది దీనికేనా?" అని తనను తానే అడిగి చూసుకోమన్నాడు. మీరూ వరసగా మూడు రోజులు మజ్జిగన్నం, ఒక పచ్చిమిరపకాయ, రెండు జతల పాత బట్టలు, ఏసీ బంద్. ఇంట్లో బిరియానీ వండే ఆదివారం అందులో కచ్చితంగా ఉండాలి. షుగర్ ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు తిండి జోలికి పోకండి, ఏసీతో సరిపెట్టుకోండి.

ఎందుకు తినట్లేదని ఇంట్లో అడిగితే ఆకలి లేదనకండి, అబద్ధం. స్టోయిక్ సాధన అనీ ఉపన్యాసం ఇవ్వకండి. మంచినీళ్లు మాత్రమే తాగుతుంటే ఆ సంగతి మాటిమాటికీ చెప్పుకోకు అని ఎంకైరిడియన్ 47వ భాగంలో ఉంది. "ఈ మూడు రోజులు ఇంతే" అనండి చాలు. ఆ బిరియానీ ముందు మీరేం అంటారో మాత్రం శనివారం రాత్రే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆదివారం నిజంగా ఏమన్నారో దాని కిందే రాయండి.