శిష్యుడి లెక్కల పుస్తకం – 4వ పాఠం: ఎవరు కడుతున్నారు?

గత పాఠంలో ఒక పని ఇచ్చాను. యేసును వెంబడించడం మొదలుపెట్టాక మీకు పోయినవేమిటో ఒక పేజీలో రాయమన్నాను. రాయకపోతే ఇక్కడే ఆగండి. ఓ పావుగంట కూర్చుని రాసి, ఆ తర్వాత రండి. ఆ పేజీ పక్కన లేకుండా చదివితే ఇదీ ఇంకో ప్రసంగం అయిపోతుంది.

ఈ వారం ఆ పేజీకి రెండు వరుసలు చేర్చడం నేర్చుకుందాం. పోయినదాని పక్కన "ఎవరడిగారు" అని ఒక వరుస గీయండి, దాని పక్కన "ఎవరు కడుతున్నారు" అని ఇంకోటి. మొదటిది నింపడం తేలికే. రెండోది నింపేటప్పుడు చాలామందికి చెయ్యి ఆగుతుంది.

ముందు లూకా 14:25–33 చదవండి, వీలైతే పైకి. జనం గుంపులుగా వెంట వస్తుంటే యేసు వెనక్కి తిరిగి, వాళ్లను చల్లబరిచే మాటలే అన్నాడు. తల్లిదండ్రులు, భార్యాపిల్లలు, సొంత ప్రాణం, సిలువ, చివరికి ఉన్నదంతా. ఈ తొమ్మిది వచనాల్లోనే "నా శిష్యుడు కానేరడు" అన్న హెచ్చరిక మూడుసార్లు వస్తుంది. మధ్యలో గోపురం కట్టాలనుకున్నవాడు ఒకడు, ఇరవై వేలమందితో వస్తున్న శత్రువు మీదికి పదివేలమందితో బయల్దేరాలనుకున్న రాజు ఒకడు. ఇద్దరూ ముందు కూర్చుని లెక్క చూసుకోవాలి. మన మీటింగుల్లో ఆఖరి పాట వస్తుండగా లేచి నిలబడమంటారు, చేతులెత్తమంటారు. ఇంటికెళ్లి కూర్చుని లెక్క చూసుకుని రమ్మనే బోధకుడు నాకింకా తగల్లేదు.

ఇప్పుడు మార్కు 7:9–13. అమ్మానాన్నలకు అందాల్సిన దాన్ని "కొర్బాను", అంటే దేవునికి అర్పించేశాం అని చెప్పి, ఇక వాళ్లకేమీ చేయనక్కర్లేదనే ఆచారం అప్పట్లో ఉండేది. దేవుని మాటను మీరు కొట్టేస్తున్నారని యేసు దాన్ని గట్టిగా తప్పుపట్టాడు. అమ్మానాన్నల కంటే నన్ను ఎక్కువగా ప్రేమించమన్నదీ (మత్తయి 10:37), నా తండ్రి పేరు చెప్పి వాళ్ల అన్నం ఆపొద్దన్నదీ ఆయనే. ఈ రెండూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: ఆయన అడిగే మూల్యం శిష్యుడి జేబులోంచే పోవాలి. అమ్మ కొంగుముడి విప్పి తీసి, నా త్యాగమని రాసుకోకూడదు.

ఒక పేజీ నింపి చూద్దాం. ఒడిశాలోని రాయగడలో బట్టల షాపులో పనిచేసే ఒక కుర్రాణ్ణి ఊహించుకోండి. పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండల నుంచి గిరాకీ వస్తే వాళ్ల కుయి భాషలో నాలుగు ముక్కలు. బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంట్లో ఇంకెవరూ తీసుకోలేదు.

మొదటి పద్దు షాపుది. ధర తెలియని గిరాకీకి రేటు పెంచి చెప్పి, పైన వచ్చింది పనివాళ్లు పంచుకుంటారు. వీడు మానేశాడు. ఎవరడిగారు? అన్యాయంగా వసూలు చేసింది తిరిగిచ్చేలా పన్నుల జక్కయ్యను మార్చిన యేసే. ఎవరు కడుతున్నారు? వీడే. పైగా "భక్తుడు వచ్చాడ్రోయ్" అని తోటివాళ్ల ఎగతాళి ఒకటి. దీన్ని సిలువ అనడానికి నాకు ఏ సందేహమూ లేదు.

రెండోది దశమభాగం. జీతంలో పదోవంతు, దాని మీద ఉపవాస కూటాలకు, కొత్త మైక్ సెట్టుకు కానుకలు. ఆ నెలల్లోనే అమ్మ బీపీ మాత్రలు మెడికల్ షాపులో అప్పు మీద వస్తున్నాయి. "ఎవరు కడుతున్నారు" కింద అమ్మ అని రాయక తప్పదు. ఇది కొర్బానే. 1 తిమోతి 5:8 కూడా చూడండి, పౌలు మాట ఇంకా కటువుగా ఉంటుంది. ఇవ్వడం మానమని నేననను. మాత్రలకు డబ్బు పక్కన పెట్టి, తన బిర్యానీలోంచి, ఫోన్ ఈఎంఐలోంచి ఇవ్వగలిగినంత ఇవ్వమంటాను. పాస్టర్ గారికి ఈ మాట నేరుగా చెప్పాలి. ఆయన చిన్నబుచ్చుకుంటే ఆ ఖర్చు మాత్రం వీడిదే.

చైత్రంలో మజ్జిగౌరమ్మ పండుగ వచ్చింది. మొక్కలేదు, ప్రసాదం తీసుకోలేదు. అది వాడి మనస్సాక్షి, బాగానే ఉంది. కానీ పొద్దున్నే బయటికెళ్లి రాత్రికి గానీ ఇల్లు చేరలేదు. చుట్టాలకు నీళ్లు మోసింది, భోజనాలు పెట్టింది, "కొడుకేడీ" అంటే తల దించుకుంది నాన్న. పూజకు రానన్నది క్రీస్తు కోసమే. బిందె ఎత్తనన్నది ఎవరి కోసం? మన సంఘాల్లో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయని తెలుసు. నా మట్టుకు బిందె మోయమనే చెబుతాను.

ఇప్పుడు కష్టమైన పద్దు. అన్నయ్య మతం మారాడని చెల్లికి వచ్చిన సంబంధం వెనక్కి వెళ్లింది. అడిగినవాడు క్రీస్తే, ఇంట్లో చీలిక వస్తుందని ముందే చెప్పాడు (మత్తయి 10:34–36). కానీ కట్టింది చెల్లి. తను ఏ గోపురమూ కట్టాలనుకోలేదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కీర్తనలు ఇవాళ్టికీ పాడతాం, ఆయన వదులుకున్నదాని గురించి చెప్పుకుంటాం. ఇంట్లో మిగిలినవాళ్లు ఊళ్లో ఏ మాటలు పడ్డారో వాళ్ల గురించి మాత్రం పాడం. ఈ పద్దును సరిచేసే ఉపాయం నా దగ్గర లేదు. కుర్రాడు చేయగలిగింది ఒకటుంది: సంఘంలో సాక్ష్యం చెప్పేటప్పుడు దీన్ని "నేను పోగొట్టుకున్నది" అనకుండా ఉండటం. చెల్లి ఎదుట కూర్చుని, తను ఎంత తిట్టినా వినడం.

కుల సర్టిఫికెట్ సంగతి కూడా ఉంది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. ఎస్టీలకు ఈ షరతు లేదు. అందుకే ఒకే చాప మీద కూర్చుని ప్రార్థించే సవర తెగ సోదరుడికి పోనిది, మన కుర్రాడు ఎస్సీ అయితే పోతుంది. అడిగింది ప్రభుత్వం, కట్టేది వాడూ, ఇంకా పుట్టని వాడి పిల్లలూ. కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి రాసుకోమని నేను చెప్పలేను. కానీ ఈ టెన్షన్‌తో నిద్రపట్టని మనిషిని వేదిక మీంచి పిరికివాడనే హక్కు, ఆ పోటు ఎరగని బోధకుడికి లేదు. 2008లో మన పక్క కంధమాల్లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో ఇళ్లు కాలిపోయినవాళ్ల లెక్క ఈ వరుసల్లో పట్టదు. దానికి వేరే పాఠం ఉంది.

ఈ వారం పని: మీ పేజీలో మూడో వరుస, అంటే "ఎవరు కడుతున్నారు" అన్నది నింపండి. మీ పేరు కాకుండా వేరే పేరు పడిన పద్దుల్లో ఒకటి ఎంచుకుని, ఆ మనిషితోనే మాట్లాడండి. ప్రార్థన అంశంగా పంచుకుంటే సరిపోదు.

వచ్చే పాఠానికి మార్కు 10:28–31, మత్తయి 19:27 చదివి రండి. మత్తయిలో పేతురు బయటికి అడిగేసిన ప్రశ్న మార్కులో లేదు. యేసు ఇచ్చిన జవాబులోనూ మార్కు ఒక్కడే రాసిన రెండు మూడు మాటలున్నాయి. అవేమిటో గీత గీసి పెట్టుకోండి.