అమెరికాలో రీడింగ్ స్పెషలిస్ట్ అవ్వడానికి మాస్టర్స్ ఎలా చేయాలి?

ఇండియాలో బీఈడీ చేసి నాలుగైదేళ్ళు పాఠాలు చెప్పి, పెళ్ళయ్యి ఇటొచ్చేసి, పిల్లలు కాస్త పెద్దయ్యాక "మళ్ళీ టీచింగ్‌లోకి వెళ్ళొచ్చా" అని అడిగేవాళ్ళు మనలో బోలెడుమంది. నేనూ ఆ బాపతే. ఉండేది టెక్సాస్‌లో కాబట్టి ఇక్కడి సంగతులే ఎక్కువ చెప్తా, మీ స్టేట్ వేరైతే రూల్స్ వేరుగా ఉంటాయి.

ముందు ఒక క్లారిటీ. రీడింగ్ స్పెషలిస్ట్ అంటే ఇంగ్లిష్ టీచర్ కాదండి. చదవడం పట్టుబడని పిల్లల్ని ముగ్గుర్నో నలుగుర్నో పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ ఆగిపోతున్నారో పట్టుకుని అక్కడి నుంచి నేర్పించే పని. లిటరసీ కోచ్ అంటే ఎక్కువగా టీచర్లకి నేర్పేవాళ్ళు. ఇంటర్నేషనల్ లిటరసీ అసోసియేషన్ 2017లో ఇచ్చిన స్టాండర్డ్స్‌లో కూడా ఈ రెండూ వేరువేరు. అప్లై చేసేముందు మీకేది కావాలో తేల్చుకోండి.

స్టెప్ 1: ముందు రూల్స్, ఆ తర్వాతే కాలేజీ

మీ స్టేట్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో ఈ సర్టిఫికెట్‌కి ఏం అడుగుతున్నారో చూడండి. టెక్సాస్‌లో మాస్టర్స్ డిగ్రీ ఉండాలి, టీచర్ సర్టిఫికెట్ ఉండాలి, రెండేళ్ళు క్లాస్ చెప్పిన అనుభవం ఉండాలి, ఆమోదం ఉన్న ప్రోగ్రామ్ పూర్తిచేసి ఎగ్జామ్ పాసవ్వాలి. అంటే మాస్టర్స్ ఒక్కటి చేసేస్తే పనైపోదు. నాకు తెలిసినావిడ డిగ్రీ పట్టా చేతికొచ్చాక ఈ సంగతి తెలుసుకుని లబోదిబోమంది.

స్టెప్ 2: ఇండియా కాగితాలు

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నెలలు తినేస్తుంది. డిగ్రీ, బీఈడీ రెండింటికీ కోర్సువారీగా ఎవాల్యుయేషన్, అంటే మన చదువు ఇక్కడి చదువులో దేనికి సమానమో ఒక ఏజెన్సీతో రిపోర్ట్ రాయించడం, చేయించాలి. మన మూడేళ్ళ డిగ్రీని కొన్ని యూనివర్సిటీలు ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా చూడవు, అందుకని ఎంఏ ఉంటే అదీ కలిపి పంపండి. ఏ ఏజెన్సీ రిపోర్ట్ ఒప్పుకుంటారో అటు యూనివర్సిటీని, ఇటు స్టేట్‌ని, ఇద్దర్నీ అడిగాకే డబ్బులు కట్టండి. నేను అడక్కుండా కట్టేసి మళ్ళీ ఇంకో ఏజెన్సీకి కట్టుకున్నా. యూనివర్సిటీ నుంచి మార్కుల కాగితాల సీల్డ్ కవర్ కోసం మా తమ్ముడు ఊళ్ళో ఎన్నిసార్లు తిరిగాడో ఇప్పటికీ దెప్పుతుంటాడు. హెచ్4 (హెచ్1బీ వాళ్ళ భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద చదువుకోడానికి అడ్డేం లేదు, ఉద్యోగం చేయాలంటే మాత్రం ఈఏడీ అనే వర్క్ పర్మిట్ కావాలి.

స్టెప్ 3: ప్రోగ్రామ్ ఎంచుకోవడం

బ్రోచర్లన్నీ ఒకేలా ఉంటాయి. 30 నుంచి 36 క్రెడిట్లు, ఆన్‌లైన్, వర్కింగ్ టీచర్స్‌కి అనుకూలం, నవ్వుతున్న పిల్లల ఫొటో. అవి పక్కన పెట్టి మొదటి రీడింగ్ కోర్సు సిలబస్ పంపమని ఈమెయిల్ పెట్టండి. 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అనే ప్రభుత్వ కమిటీ చెప్పిన ఐదు అంశాలు అందులో ఉన్నాయో లేదో చూడండి: మాటలోని శబ్దాలు విడదీయడం, ఫోనిక్స్ (ఏ అక్షరానికి ఏ శబ్దమో తెలుసుకుని చదవడం), తడబడకుండా చదవడం, వొకాబులరీ, అర్థం చేసుకోవడం. ఫోనిక్స్‌కి ఎన్ని వారాలిచ్చారో లెక్కపెట్టండి. ఒక్క వారమే ఉంటే నేనైతే ఆ కాలేజీ వదిలేస్తా.

ఎందుకంటే ఇక్కడ చాలా ఏళ్ళు "త్రీ క్యూయింగ్" అని ఒక పద్ధతి నడిచింది, పదం రాకపోతే బొమ్మ చూసి, వాక్యం అర్థాన్ని బట్టి, మొదటి అక్షరాన్ని బట్టి ఊహించమనడం. పుస్తకంలో "రాబిట్" అని ఉంది, బొమ్మలో కుందేలు ఉంది, పిల్లాడు "బన్నీ" అని చదివేశాడు. అర్థం సరిపోయింది కదా పర్లేదు అంటుంది ఆ పద్ధతి. మరి వాడు అక్షరాలు చదివాడా? ఆర్ ఉన్నచోట బ్ అని ఎలా వస్తుంది? మూడో క్లాసుకొచ్చి పుస్తకంలో బొమ్మలు తగ్గాక వాడి పరిస్థితేంటి? ఇప్పుడు కొన్ని స్టేట్స్ దీన్ని చట్టంతోనే ఆపేశాయి, అయినా సిలబస్‌లలో ఇంకా ఏదో మూల దాక్కునే ఉంటుంది. డిస్లెక్సియా (చదవడం కష్టమయ్యే సమస్య) మీద పనిచేసే ఇంటర్నేషనల్ డిస్లెక్సియా అసోసియేషన్ అక్రెడిటేషన్, అంటే గుర్తింపు, ఉన్న ప్రోగ్రామ్ దొరికితే ఈ బెంగ చాలావరకు తగ్గుతుంది.

స్టెప్ 4: క్లాసులు మొదలయ్యేలోపు మన నాలుక, మన చెవి

ఇది ఏ అడ్వైజరూ చెప్పడు. మనం అఆలు, గుణింతాలతో పెరిగాం, మన చెవి అక్షరాన్ని అచ్చుతో కలిపే వింటుంది. పిగ్ అనే మాటని విడదీయమంటే మనవాళ్ళు "ప, ఇ, గ" అంటారు. పిల్లాడు అవి కలిపితే "పఇగ" వస్తుంది కానీ పిగ్ రాదు. పొల్లు హల్లులాగా ప్, ఇ, గ్ అని పొట్టిగా తెంచి పలకడం ప్రాక్టీస్ చేయాలి, నేను ఫోన్‌లో రికార్డ్ చేసుకుని విన్నా, మొదట్లో నా గొంతు నాకే నవ్వొచ్చింది. బాక్స్ అనే మాటలో ఇంగ్లిష్ అక్షరాలు మూడే కానీ శబ్దాలు నాలుగు, షిప్‌లో అక్షరాలు నాలుగు కానీ శబ్దాలు మూడే. రోజూ పది మాటలు ఇలా వేళ్ళమీద లెక్కపెట్టండి.

ఇంకోటి, పడమర అనే వెస్ట్, చేతుల్లేని కోటు వెస్ట్. తెలుగులో రాస్తే రెండూ ఒకటే, చూశారా? మన నోట్లోనూ ఒకటే. మొదటిదానికి పెదాలు గుండ్రంగా చుట్టాలి, రెండోదానికి పై పళ్ళు కింది పెదవికి తగలాలి. అద్దం ముందు చేయండి. యాస మార్చుకోమని కాదు నేననేది, అవి రెండు వేరు శబ్దాలని పిల్లలకి నేర్పాల్సినవాళ్ళం మనమే కదా మరి.

స్టెప్ 5: ప్రాక్టికమ్

ఒక పిల్లాడినో పిల్లనో వారాల తరబడి కూర్చోబెట్టి నేర్పించాలి, మీ పాఠం వీడియో తీసి ప్రొఫెసర్‌కి పంపాలి. అడ్మిషన్ ముందే మూడు ప్రశ్నలు అడగండి: పిల్లల్ని ఎవరు వెతకాలి, ఎన్ని గంటలు, వీడియో చూసి ఫీడ్‌బ్యాక్ ఎవరిస్తారు. పిల్లల్ని మీరే వెతుక్కోవాలంటే పేరెంట్స్ పర్మిషన్, స్కూల్ పర్మిషన్ కోసం సెమిస్టర్‌కి ముందే తిరగాలి.

స్టెప్ 6: ఫీజు

సిటిజన్స్‌కి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకి ఫెడరల్ టీచ్ గ్రాంట్ ఉంది, ఏడాదికి 4,000 డాలర్ల వరకు, రీడింగ్ స్పెషలిస్ట్ దాని లిస్టులోనే ఉంది. కానీ చదువయ్యాక ఎనిమిదేళ్ళలోపు నాలుగేళ్ళు తక్కువ ఆదాయం ఉన్న పిల్లల స్కూల్లో పనిచేయాలి, లేకపోతే గ్రాంట్ కాస్తా వడ్డీతో సహా లోన్ అయి కూర్చుంటుంది. మీ కాలేజీ ఇందులో ఉందో లేదో ముందే కనుక్కోండి.

స్టెప్ 7: ఎగ్జామ్, ఇంటర్వ్యూ

సర్టిఫికెట్ కోసం రాసే ఎగ్జామ్ పేరు చాలా స్టేట్స్‌లో ప్రాక్సిస్, టెక్సాస్‌లో టెక్సెస్. ప్రాక్టికమ్ అయిన వెంటనే రాసేయండి, గ్యాప్ వస్తే టర్మ్స్ అన్నీ మర్చిపోతాం. ప్రాక్టికమ్ నోట్స్ పారేయకండి, ఇంటర్వ్యూలో ఒక పిల్లాడి గురించి చెప్పమంటే అవే పనికొస్తాయి. పిల్లాడి పేరు, స్కూల్ పేరు మాత్రం కొట్టేసి తీసుకెళ్ళండి.