పసుపు ఏది, షామియానా రంగు ఏది: కొత్తగా ఫోటో ఎడిటింగ్ నేర్చుకునేవారికి

చీరాలలో పద్దెనిమిదేళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు ఎడిట్ చేస్తున్నాను. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటిరోజే అడిగే ప్రశ్న ఒకటుంది: "అక్కా, స్కిన్ స్మూత్ ఎలా చేయాలి?" నెల రోజుల దాకా వాళ్లను ఆ మాట ఎత్తనివ్వను. ముందు రంగు చూడటం రావాలి, తర్వాత వెలుగు. మచ్చలు, ముడతలు ఆ తర్వాతే. ఈ వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది. రంగు సరిచేయగానే పొద్దున తుడిచిన మచ్చ మళ్లీ బయటపడుతుంది.

సాఫ్ట్‌వేర్ గురించి ఎక్కువ ఆలోచించకండి. ఫోటోషాప్ ఉంటే సరే. లేకపోతే గింప్ ఉచితం, ఫోటోపీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఫోన్ ఒక్కటే ఉంటే స్నాప్‌సీడ్‌తో మొదలుపెట్టండి. నేను ఇక్కడ ఫోటోషాప్ పేర్లు వాడుతున్నాను. మిగతావాటిలోనూ ఈ పనులు చాలావరకు చేయొచ్చు.

కూర్చోగానే చూసుకోవాల్సింది మీ స్క్రీన్. కంప్యూటర్‌లో నైట్ లైట్ (రాత్రిపూట స్క్రీన్‌ను పసుపుగా మార్చేది) ఆన్‌లో ఉంటే ఆపేయండి. కొన్నేళ్ల కిందట అది ఆన్‌లో ఉన్న సంగతి గమనించకుండా రాత్రిపూట ఒక ఆల్బమ్ మొత్తం పూర్తి చేశాను. స్క్రీన్ పసుపుగా కనబడుతుంటే ఆ పసుపు తగ్గించుకుంటూ పోయాను. ప్రింట్ వచ్చాక చూస్తే ముఖాలన్నీ నీలం. డబ్బు నాదే పోయింది, ఆల్బమ్ మళ్లీ వేయించాను. బ్రైట్‌నెస్ కూడా పూర్తిగా పెంచి పెట్టుకోవద్దు. గదిలో లైటు వేసి, స్క్రీన్ పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. ఖాళీ తెల్ల పేజీ ఆ కాగితమంత తెల్లగా కనబడే దాకా తగ్గించండి. "స్క్రీన్ మీద బాగుంది, ప్రింట్ నల్లగా వచ్చింది" అనే బాధ చాలావరకు దీంతోనే తీరుతుంది.

ఇప్పుడు రంగు. నేను అన్నిటికంటే ఎక్కువసేపు చెప్పేది దీని గురించే.

మే నెల మధ్యాహ్నం, పసుపు గుడ్డ షామియానా కింద నలుగు పెడుతున్నారు అనుకోండి. పెళ్లికూతురి ముఖం ఫోటోలో పచ్చగా ఉంది. కొత్తవాళ్లు వెంటనే టెంపరేచర్ స్లైడర్‌ను (ఫోటో మొత్తాన్ని పసుపు, నీలం మధ్య జరిపేది) నీలం వైపు జరిపేస్తారు. ఆగండి. ఆ పచ్చదనంలో కొంత నిజమైన పసుపు. వాళ్లమ్మ చేత్తో పూసింది. అది ఉండాలి. మిగతాది షామియానా గుడ్డలోంచి వడగట్టుకుని వచ్చిన వెలుగు. అది పోవాలి. రెంటినీ విడదీయడానికి ముఖం చూస్తే లాభం లేదు. కళ్లలో తెలుపు చూడండి, పళ్లు చూడండి, వెనకాల ముగ్గు చూడండి. అవీ పచ్చగా ఉంటే తప్పు వెలుగుది. అవి తెల్లగానే ఉండి బుగ్గలు మాత్రం పచ్చగా ఉంటే, ముట్టుకోవద్దు.

ముహూర్తం ఫోటోలకైతే మనకు మంచి ఆధారం ఉంది: మధుపర్కాలు. ఫోటోషాప్‌లోని కెమెరా రా తెరిచి, వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌తో (ఏది తెలుపో ఫోటోషాప్‌కు చూపించేది) ఆ తెల్ల బట్ట మీద నొక్కండి. రెండు జాగ్రత్తలు. అంచుల్లో పసుపు రాసి ఉంటుంది, అక్కడ వద్దు. ఫ్లాష్ పడి మెరిసిపోయిన చోటా వద్దు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ గరిష్ఠమైన 255 దగ్గర ఆగిపోయిన చోట సమాచారమే ఉండదు. మడతలో కొంచెం నీడగా ఉన్న తెలుపు మీద నొక్కండి.

తర్వాత ఆ రంగు అంకెలు చూపే ఇన్ఫో ప్యానెల్ తెరిచి బుగ్గ మీద కర్సర్ పెట్టండి. మన ముఖాలకు మామూలు వెలుగులో ఎరుపు అంకె పెద్దదిగా, ఆకుపచ్చ దానికంటే తక్కువగా, నీలం అన్నిటికంటే తక్కువగా ఉండాలి. చామనఛాయ బుగ్గ 170, 120, 90 దగ్గర ఉందనుకోండి, బాగానే ఉంది. నీలం పెరిగి ఆకుపచ్చతో సమానమైతే ముఖం గులాబీ రంగులోకి పోయినట్టు. కన్ను అలసిపోయి మోసం చేస్తుంది, అంకె చేయదు.

ఇక ఫోటోలు ఇచ్చినవాళ్లు "కొంచెం కలర్ పెంచండి" అనే మాట. ముఖం తెల్లగా చేయమని దాని అర్థం. నేను చేయను, మీరూ అలవాటు చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. ముఖం తెల్లబరిస్తే మెడ ఒక రంగు, చేతులు ఒక రంగు, ముఖం ఇంకో రంగు అవుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ అమ్మాయి ఛాయ తప్పు కాదు. వెలుగు తక్కువైతే వెలుగు పెంచండి. కర్వ్స్‌లో (వెలుగును ఒక గీతతో సర్దే చోట) మధ్యభాగం కొద్దిగా పైకి లేపండి. అందుకే రా ఫైల్ (కెమెరా పట్టిన సమాచారమంతా ఉండేది) అడిగి తీసుకోమంటాను. 12 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 4096 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256 మాత్రమే. జేపెగ్‌లో నీడలో ఉన్న ముఖాన్ని బాగా లేపితే చర్మం మచ్చలు మచ్చలుగా విరిగిపోతుంది.

టచింగ్ సంగతి చెప్పే ముందు ఒకటి చెప్పాలి. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దాయన చనిపోయిన తల్లి ఫోటో పెద్దది చేసి ఇమ్మని తెచ్చారు. చిన్న బ్లాక్ అండ్ వైట్ కార్డు. ఆవిడకు చిన్నప్పుడు అమ్మవారు పోసి బుగ్గల నిండా గుంటలు. నేను రెండు రోజులు కూర్చుని అన్నీ నున్నగా తుడిచేశాను. ఆయన చాలాసేపు చూసి, "ఇది మా అమ్మ కాదమ్మా" అన్నారు. మళ్లీ మొదటి నుంచి చేశాను. కార్డు మీద పడ్డ గీతలు, చెద తిన్న మూల మాత్రం సరిచేసి, ఆవిడ ముఖం ఆవిడకు వదిలేశాను.

అప్పటి నుంచి నా లెక్క ఇది: పది రోజుల్లో పోయేవి తీసేయొచ్చు. మొటిమ, దోమకాటు, షేవింగ్ గాటు, ఎగిరి పడ్డ వెంట్రుక. పదేళ్లయినా ఉండేవి మనవి కావు. పుట్టుమచ్చ, పాత గాయం మచ్చ, నవ్వినప్పుడు పడే ముడత. పెళ్లికూతురి బుగ్గచుక్కను పుట్టుమచ్చ అనుకుని చెరిపేసినవాళ్లనూ చూశాను. అది దిష్టి కోసం పెట్టింది, ఉండాలి.

పద్ధతి ఇలా. ఖాళీ లేయర్ (ఫోటో మీద పరిచే పారదర్శక పొర) తీసుకుని, మచ్చను పక్క చర్మంతో కలిపేసే హీలింగ్ బ్రష్‌లో శాంపిల్ దగ్గర "కరెంట్ అండ్ బిలో" పెట్టండి. అసలు ఫోటో చెక్కుచెదరదు, తప్పు చేస్తే ఆ లేయర్‌లోనే చెరుపుకోవచ్చు. బ్రష్ మచ్చ కంటే కాస్త పెద్దదిగా ఉంటే చాలు. ఆల్ట్ నొక్కి పక్కనే ఉన్న చర్మం తీసుకోండి, నుదుటి చర్మం తెచ్చి బుగ్గ మీద పెట్టొద్దు. కల్యాణ బొట్టు పక్కన, జుట్టు మొదట్లో, దవడ అంచులో హీలింగ్ బ్రష్ పనికిరాదు. పక్క రంగును లోపలికి లాగుతుంది, కుంకుమ పారినట్టు ఎర్ర మరక పడుతుంది. అక్కడ పక్క చర్మాన్ని ఉన్నదున్నట్టు అతికించే క్లోన్ స్టాంప్ వాడండి. 100 శాతం జూమ్‌లో పనిచేస్తూ, ప్రతి రెండు మూడు నిమిషాలకు ఫోటో మొత్తం కనబడేలా వెనక్కి రండి. కళ్ల కింద నలుపు పూర్తిగా తీయకండి, దానికి వేరే లేయర్ వాడి, ఆ లేయర్ ఒపాసిటీ (ఎంత గాఢంగా కనబడాలన్నది) సగానికి తగ్గించి చూడండి.

చెమటతో మెరిసే ముక్కుకు క్లోన్ స్టాంప్ మోడ్ "డార్కెన్"లో, ఒపాసిటీ 20 శాతంలో పెట్టి, పక్క చర్మంతో రెండు మూడు సార్లు సుతారంగా రాయండి. మెరుపు తగ్గుతుంది, పూర్తిగా పోనివ్వకండి. మెరుపు లేని ముక్కు బొమ్మ ముక్కులా ఉంటుంది. ఈ పనులన్నీ చేశాక, స్మూత్ చేసే అవసరం చాలా ఫోటోల్లో ఉండదు.

అమెరికా వీసా ఫోటో ఎవరైనా తెస్తే ముఖం జోలికే వెళ్లొద్దు. రెండు అంగుళాల చదరం, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, అంతే. రూపం మారేలా ఎడిట్ చేసిన ఫోటోను వాళ్లు ఒప్పుకోరు.

చివరగా ప్రింట్. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×10800 పిక్సెల్స్ కావాలి. కలర్ ప్రొఫైల్ (ఫైల్‌లోని రంగుల అంకెలను ఎలా చదవాలో చెప్పేది) ఏది కావాలో ల్యాబ్‌ను అడగండి, తెలియకపోతే మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీలో ఇవ్వండి. మొత్తం ఆల్బమ్ పంపే ముందు ఒక్క ఫోటోను 4×6లో వేయించి, పగలు కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. చీర రంగు కూడా అప్పుడే తేలుతుంది. వంకాయ రంగు పట్టుచీర చాలా కెమెరాల్లో నీలంగా పడుతుంది. ముఖం సరిచేసినంత మాత్రాన అది సరికాదు, చీరకు విడిగా మాస్క్ (మార్పు ఆ భాగానికే తగిలేలా చేసేది) వేసి ఊదా వైపు జరపాలి. పెళ్లికి వెళ్లినవాళ్లెవరికైనా ఆ ప్రింట్ చూపించి, చీర ఏ రంగని అడగండి. "వంకాయ రంగు" అంటే ఆల్బమ్ పంపేయండి. "నీలం" అంటే మళ్లీ ఆ మాస్క్ తెరవండి.