పవర్ బ్యాంకు లెక్కపై వాదన తేల్చే విధానం

డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అని ఉన్న పవర్ బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను నాలుగుసార్లు నింపాలని, మూడుసార్లకే ఖాళీ అయితే అది మోసమేనని వాదించేవారు ప్రతి స్నేహబృందంలోనూ ఉంటారు. వారితో గొంతు పెంచే ముందు కాగితం, కలం తీసుకోండి.

ముందుగా ఎంఏహెచ్‌ను శక్తిని కొలిచే వాట్ అవర్లలోకి మార్చాలి. ఆ 20,000 అనేది లోపలి లిథియం సెల్స్‌కు 3.7 వోల్టుల దగ్గర వేసిన లెక్క కనుక, 20 ఆంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 74 వాట్ అవర్లు వస్తాయి. ఫోన్ బ్యాటరీని 3.85 వోల్టులుగా తీసుకుంటే అది సుమారు 19 వాట్ అవర్లు. అయితే పవర్ బ్యాంకు ఆ వోల్టేజీని యూఎస్‌బీ కోసం కనీసం 5 వోల్టులకు పెంచాలి, ఫోన్ దానిని మళ్లీ తగ్గించుకోవాలి. ఈ రెండు మార్పిడుల్లోనూ కొంత శక్తి వేడిగా పోతుంది. ఛార్జ్ అవుతున్న ఫోన్ వీపు మీద అరచేయి ఆనిస్తే ఆ నష్టం చేతికే తెలుస్తుంది. అయిదో వంతు పోయిందనుకుంటే మిగిలేది దాదాపు 59 వాట్ అవర్లు; దానిని 19తో భాగిస్తే మూడుసార్లు.

తరువాత వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉండే 'రేటెడ్ కెపాసిటీ' చదవండి. అది నష్టాలు పోగా 5 వోల్టుల దగ్గర బయటికి వచ్చే ఎంఏహెచ్ లెక్క. అక్కడ 12,000 దరిదాపుల్లో అంకె కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు.

నిజమైన మోసాన్ని పట్టించేది, నా దృష్టిలో, తూకమే. 20,000 ఎంఏహెచ్‌కు సరిపడా సెల్స్ ఉన్న పరికరం సాధారణంగా 300 గ్రాములు దాటుతుంది; 150 గ్రాములే తూగితే మీ మిత్రుని అనుమానం సరైనదే.