అద్దె ఇంటి పాఠాలు – 3: ఓనరు ఇల్లు అమ్మేస్తే

పోయిన భాగంలో అగ్రిమెంటు ఎలా చదవాలో చూశాం కదా, ఆ కాగితం చేతిలో పెట్టుకునే ఇది చదవండి. విశాఖ ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఏళ్ల తరబడి ఉంటున్న ఇంటికి ఒక ఆదివారం బ్రోకరు ఎవరినో తీసుకొచ్చి వంటిల్లు, బాల్కనీ అన్నీ చూపించి వెళ్తాడు, ఆ తర్వాత కొన్నాళ్లకి ఓనరు గారు ఫోన్ చేసి "ఇల్లు అమ్మేశానమ్మా, నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి" అంటారు. పిల్లలకి స్కూలు మధ్యలో ఉంటుంది, అడ్వాన్సు ఎవరు తిరిగిస్తారో తెలీదు, టెన్షన్ మొదలవుతుంది.

ముందు ధైర్యం తెచ్చుకోండి. ఇల్లు చేతులు మారినంత మాత్రాన మీ అద్దె ఒప్పందం రద్దయిపోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 109వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు పాత ఓనరు స్థానంలోకి వస్తారు, ఆయనకి మీ మీద ఏ హక్కులుండేవో అవే వీళ్లకీ వస్తాయి, అంతకు మించి రావు. ఖాళీ ఇల్లు అప్పజెప్తానని ఆయన వాళ్లకి మాటిస్తే అది వాళ్లిద్దరి మధ్య గొడవ. అలాగని "మీరెవరో నాకు తెలీదు, నేను మీతో ఒప్పందం రాసుకోలేదు" అని కొత్త ఓనరుకి అద్దె ఆపేయడం కూడా కుదరదు, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా యాజమాన్యం మారిపోతుంది. అద్దె బాకీ పడితే మీ కేసు మీరే పాడు చేసుకున్నట్టు.

అసలు ఈ పాఠమంతా ఒక్క తేదీ చుట్టూ తిరుగుతుంది: సేల్ డీడ్ (అమ్మకం దస్తావేజు) ఏ రోజు రిజిస్టరైంది? బయానా తీసుకుని అమ్మకం అగ్రిమెంటు రాసుకున్నారంటే ఇల్లు అమ్మినట్టు కాదు, అదే చట్టం 54వ సెక్షన్ ఆ మాట తేటగా చెబుతుంది, అలాంటి అగ్రిమెంటు వల్ల కొనేవాళ్లకి ఇంటి మీద ఏ హక్కూ పుట్టదు. కాబట్టి బయానా ఇచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి "ఈ నెల నుంచి అద్దె నా ఫోన్‌పేకి వేయండి" అంటే మర్యాదగానే "రిజిస్ట్రేషన్ కాపీ చూపించండి సార్" అనండి. చూపించకపోతే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో గానీ మీ ఏరియా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గానీ ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి, డీడ్ రిజిస్టరైతే అందులో కనబడుతుంది. ఇల్లు అమ్మిన సంగతి మీకు తెలియక, తెలిసే అవకాశమూ లేక పాత ఓనరుకే అద్దె కట్టేసి ఉంటే కొత్తవాళ్లు ఆ అద్దె మళ్లీ కట్టమనలేరు. కానీ ఫోన్ వచ్చాక "నాకు తెలీదు" అనే మాట నిలబడదు, అందుకే అద్దె తేదీ లోపలే ఈసీ చూసుకోవాలి. అమ్మకానికి ముందు మీరు పడ్డ పాత బాకీ కూడా మామూలుగా పాత ఓనరుకి రావాల్సిందే, కొత్తాయనకి కాదు.

ఇక అడ్వాన్సు. మనవాళ్లకి ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. పాతాయన "కొన్నవాళ్లని అడగండి" అంటారు, కొన్నవాళ్లు "నాకెవరూ ఇవ్వలేదు" అంటారు. అదే 109వ సెక్షన్‌లో చాలామంది చదవని మాట ఒకటుంది: ఇల్లు అమ్మిన ఒక్క కారణంతో పాత ఓనరు లీజు బాధ్యతల నుంచి తప్పుకోలేడు, ఇకపై కొన్నవాళ్లే బాధ్యులని మీరు ఎంచుకుంటే తప్ప. అంటే ఎంపిక మీ చేతిలో ఉంది! దాన్ని నోటిమాటతో వదిలేసుకోకండి. అడ్వాన్సు ఫలానా మొత్తం కొన్నవారికి అప్పగించానని పాతాయన, ముట్టిందని కొత్తాయన, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టేదాకా మీ లెక్క పాతాయనతోనే అని స్పష్టంగా చెప్పండి.

ఎన్నాళ్లు ఉండొచ్చు అన్నది మీ కాగితం బలాన్ని బట్టి ఉంటుంది. రిజిస్టరైన లీజు ఉంటే దాని గడువు దాకా కొన్నవాళ్లు ఆగాల్సిందే, ఇల్లు అమ్మితే ముందే ఖాళీ చేయించవచ్చని అందులో షరతు రాసుకుంటే తప్ప. 11 నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు గానీ మన ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ చట్టానికి చేసిన 1999 సవరణ తర్వాత ఎంత చిన్న లీజైనా రిజిస్టర్ చేయాలి. చేయని అగ్రిమెంటుతో గడువు గురించి గట్టిగా వాదించలేరు, మీది నెలవారీ అద్దె కిందికి వస్తుంది, మిమ్మల్ని ఖాళీ చేయించాలంటే కొన్నవాళ్లు ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ కాగితం మాత్రం పారేయకండి, మీరు అద్దెదారుగానే ఇంట్లోకి వచ్చారని చూపించడానికి పనికొస్తుంది. నోటీసు గడువు దాటినా మీరు ఖాళీ చేయకపోతే వాళ్లు కోర్టుకి వెళ్లాలి, అంతేగాని మనుషుల్ని పంపి సామాన్లు బయట పెట్టించకూడదు. బలవంతంగా వెళ్లగొడితే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల లోపల దావా వేసి ఇల్లు తిరిగి పొందొచ్చు. లాయరు ఫీజు కట్టలేకపోతే 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు.

ఈ భాగం అభ్యాసం ఒక ఉత్తరం. ఫోన్ వచ్చిన రోజే పాత ఓనరుకి ఇలా రాయండి, అంకెలు మీవి పెట్టుకోండి:

"అయ్యా, ఫలానా డోర్ నంబరు ఇంట్లో మేము ఫలానా తేదీ నుంచి నెలకు 14,000 రూపాయల అద్దెకు ఉంటున్నాం. మీ వద్ద మా అడ్వాన్సు 42,000 రూపాయలు ఉంది. ఇల్లు అమ్మినట్టు ఈ రోజు ఫోన్‌లో చెప్పారు. సేల్ డీడ్ నంబరు, రిజిస్టరైన తేదీ, కొన్నవారి పేరు, చిరునామా రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఇకపై అద్దె ఎవరి ఖాతాలో వేయాలో మీరు, కొన్నవారు కలిసి సంతకం చేసిన ఉత్తరం ఇప్పించగలరు. అడ్వాన్సు వారికి అప్పగించినట్టు వారి సంతకంతో కాగితం అందేవరకు దాని బాధ్యత మీదేనని గమనించగలరు."

"ఖాళీ చేస్తాం" అనే మాట ఇందులో ఎక్కడా రాయకండి, కోపంతో ఒక్క వాక్యం కూడా కలపకండి, రేపు దీన్ని జడ్జి గారు చదవొచ్చు. రెండు కాపీలు తీసి ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రశీదుని రెండో కాపీకి పిన్ కొట్టి అగ్రిమెంటు, అద్దె కట్టిన బ్యాంకు స్టేట్‌మెంటు ఉన్న ఫైల్లోనే పెట్టండి. వాట్సాప్‌లో కూడా ఫోటో పంపండి. కొన్నవాళ్ల లాయరు నుంచి నోటీసు వస్తే దానికి జవాబు ఎలా రాయాలో నాలుగో భాగంలో చూద్దాం, ఈలోగా వాళ్లు తెచ్చే ఏ కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టకండి.